పైకి తిప్పిన అద్దం

ఉండి అనే ఊళ్ళో, రిటైరైన పశువుల డాక్టరు గారి షెడ్డులోంచి ఆ పాత ఎర్రకారును బయటికి తీసేటప్పుడు పెదబాబు మొట్టమొదట చేసిన పని లోపలి అద్దాన్ని పైకి తిప్పేయడం. అప్పటికింకా తాళం పెట్టలేదు, సీటు జరుపుకోలేదు. చెయ్యి దానంతటదే వెళ్ళి, వెనక వైపును చూపించే ఆ చిన్న అద్దాన్ని కారు కప్పు వైపు ఎత్తేసి వచ్చింది. ఆ పని చేసిన సంగతి అతనికి తెలియనే తెలియదు. వెనక తలుపు తెరుచుకుంది. గాజులు చిన్నగా మోగాయి. తలుపు పడింది.

"పోనీ పెదబాబూ" అన్నారు వరలక్ష్మమ్మ గారు.

కారు ఆవిడదే. పుట్టింటివారు పసుపుకుంకాల కింద ఇచ్చిన ఎకరన్నర మీద వచ్చే కౌలుతో, నడపడం నేర్చుకోవాలని ఆవిడ కొనుక్కున్న మొదటి కారు. అయినా ఆ రోజు ఆవిడ నేరుగా వెళ్ళి వెనక సీట్లోనే కూర్చున్నారు. అది ఇద్దరిలో ఎవరికీ వింతగా తోచలేదు.

పెదబాబుకి అరవై రెండేళ్ళు. ఇరవై నాలుగో ఏట ఆ ఇంట్లో డ్రైవరుగా చేరాడు. అప్పట్లో రాజుల ఇళ్ళలో ఘోషా గట్టిగానే ఉండేది. అంబాసిడరు కిటికీలకు తెరలుండేవి. పెద్దరాజు గారు, అంటే ఇప్పటి సూర్యరాజు గారి తండ్రి, మొదటిరోజే ఒక్క మాట చెప్పారు: ఆడవాళ్ళు ఎక్కితే అద్దం పైకి తిప్పెయ్. మరుసటి ఏడు సూర్యరాజు గారి భార్యగా వరలక్ష్మమ్మ గారు ఆ ఇంటికి వచ్చారు. తరవాత తెరలు పోయాయి, అంబాసిడరు పోయింది, పెద్దరాజు గారూ పోయారు. పెదబాబు చేతిలోని ఆ అలవాటు మాత్రం పోలేదు.

కాబట్టి ముప్పయ్యేడేళ్ళుగా అతనికి ఆవిడ ఒక చప్పుడు. గాజులు, ఊపిరి, కళ్ళజోడు పెట్టె మూత, కిటికీ అద్దం దింపే మర. వీటితోనే అతను ఆవిడ మనసు పోల్చుకునేవాడు. భీమవరం ఆసుపత్రిలో రెండోసారి కూడా కడుపు నిలవలేదని తెలిసి తిరిగొస్తున్న రోజు, వంతెన దాటేదాకా వెనక నుంచి ఏ చప్పుడూ రాలేదు. అతను బండిని ఇరవై మీద నడిపాడు. ఇంటి ముందు దిగుతూ "మెల్లిగా తెచ్చావు" అన్నారావిడ. అంతకు మించిన మాట వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ నడవలేదు. మనిషిని చూడకుండా మనిషిని కనిపెట్టుకుని ఉండడం తన వృత్తిలోని గొప్పతనమని పెదబాబు నమ్మకం. ఆ నమ్మకాన్ని అతను ఎవరికీ చెప్పుకోలేదు గాని, లోపల దాన్ని ఇస్త్రీ చొక్కాలా జాగ్రత్తగా దాచుకున్నాడు.

ఏడాది కిందట మెడ పట్టేసింది. అటూ ఇటూ తిప్పలేడు. సూర్యరాజు గారు గేర్లు లేని కొత్త బండి కొనుక్కుని తానే నడుపుకుంటూ రొయ్యల చెరువుల మీదికి వెళ్ళిపోతున్నారు. పెదబాబుకి జీతం ఆపలేదు. అతను రోజూ పొద్దున్నే వచ్చి గేటు తీసి, వేసి, మధ్యలో స్టూలు మీద కూర్చుంటాడు.

ఎర్రకారు గేట్లోకి వచ్చేసరికి సూర్యరాజు గారు వసారాలో నిలబడి ఉన్నారు.

"నిజంగానే కొన్నావన్నమాట" అన్నారు భార్యతో.

"కొన్నాను."

"నా బండి నేర్చుకోకూడదా? తొక్కితే వెళ్తుంది, ఆపితే ఆగుతుంది. ఈ గేర్ల గొడవెందుకు?"

"పెదబాబుకి వచ్చింది ఇదే. అతనికి వచ్చిందే నాకు నేర్పుతాడు."

సూర్యరాజు గారు నవ్వారు. చెడ్డమనిషి కాదు. చెరువులో నీటి రంగు చూసి రేపటి సంగతి చెప్పగలరు గాని, ఇంట్లో ఎవరి ముఖం చూసైనా ఏదైనా చెప్పడం ఆయనకి చాతకాదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఒక టైరును చెప్పుతో తట్టి, తీర్పు చెప్పారు.

"ఎల్.ఎల్.ఆర్. తీసుకో. నెల రోజులు నేర్చుకో. నెలయ్యాక ఈ పెదబాబు నా ముందుకొచ్చి 'అమ్మగారు ఒక్కరూ వెళ్ళొచ్చండి' అంటే లైసెన్సు పరీక్షకి వెళ్దువుగాని. అనలేదనుకో, కారు మళ్ళీ డాక్టరు గారింటికే పోతుంది. ఏం?"

"సరే" అన్నారావిడ.

"నువ్వు మొహమాటానికి చెప్పకు పెదబాబూ. కాలవలో పడేది ఆవిడ."

ఆ రాత్రి పెదబాబుకి నిద్ర పట్టలేదు. సరేనని, తరవాత ఆవిడకేదైనా అయితే ఆ పాపం తనది. వద్దంటే, ఆవిడ నోరు తెరిచి అడిగిన ఒక్క కోరికను తన నోటితో తానే తీసేసినట్టు. ఈ రెంటి వెనక మూడోది కూడా ఉంది. దాని వైపు చూడకుండా ఉండడానికి కాసేపు పెనుగులాడి, చివరికి చూశాడు. ఆవిడ తానే నడుపుకుని వెళ్ళిపోతే, గేటు దగ్గర తను వెయ్యాల్సిన లెక్కలేవీ ఉండవు. అమ్మగారు ఎక్కడికెళ్ళారు, ఎప్పుడొస్తారు అన్నది ఆ ఇంట్లో అందరికన్నా ముందు తెలిసినవాడుగా బతికాడు. ఆ తెలియడం పోతుంది.

పాఠాలు నాలుగో నంబరు చెరువులో మొదలయ్యాయి. రోడ్డు మీదైతే ఊరంతా చూస్తుంది. ఆ చెరువులో రొయ్యలు పట్టేసి, నీళ్ళు తోడేసి, ఎండగట్టి, సున్నం చల్లి ఉంచారు. నాలుగెకరాల అడుగు పెంకులా గట్టిపడి పలకలు పలకలుగా పగిలి ఉంది. చుట్టూ నిలువెత్తు గట్లు. ట్రాక్టరు దిగే వాలులోంచి పెదబాబు కారును కిందికి దింపి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు. ఆ సీట్లో కూర్చోవడం అతని జన్మలో అదే మొదలు. కాళ్ళ కింద తొక్కడానికేమీ లేకపోవడం అతనికి నగ్నంగా ఉన్నట్టనిపించింది. పక్కన స్టీరింగు మీద ఆవిడ చేతులు. అంత దగ్గరగా ఆ చేతుల్ని అతను ఎప్పుడూ చూడలేదు. మణికట్టు దగ్గర నూనె చింది కాలిన పాత మచ్చలు, బలమైన వేళ్ళు. అతను ఇన్నేళ్ళూ ఊహించుకున్నవి సుకుమారమైన చేతులు.

"చెప్పు."

"ఎడమకాలిది క్లచ్చండి. తొక్కి, ఫస్టు గేరేసి, మెల్లిగా వదలాలండి."

కారు ఒక్క గెంతు గెంతి చచ్చిపోయింది. మళ్ళీ తాళం తిప్పారు. మళ్ళీ గెంతింది. పదకొండు సార్లు అలాగే అయింది. పెదబాబు ఇదివరకు ఊళ్ళో కుర్రాళ్ళకి నేర్పాడు. వాళ్ళు క్లచ్చును తిడతారు, బండిని తిడతారు, సిగ్గుతో నవ్వుతారు. ఆవిడ అవేవీ చెయ్యలేదు. ఇంజను ఆగిన ప్రతిసారీ ఒక్క క్షణం కదలకుండా కూర్చుని, జరిగినదాన్ని లోపల మళ్ళీ ఒకసారి నడిపించుకుని, అప్పుడు మాత్రమే తాళం మీద చెయ్యి వేస్తున్నారు. ఓటమిని అలా తిప్పి తిప్పి చూసే మనిషిని అతను అదే చూడడం.

"ఇప్పుడు ఎక్కడ పోయింది?"

"కాలు తొందరగా వదిలేసినట్టున్నారండి."

"ఎక్కడ వదిలాను? కిందా, మధ్యలోనా?"

ఆ జవాబు పెదబాబు పాదానికి తెలుసు గాని, దాన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. ఆవిడని దిగమని, తాను ఎక్కి, కళ్ళు మూసుకుని క్లచ్చు వదులుతూ తన పాదాన్నే అడిగాడు. తరవాత దిగి చెప్పాడు: "సగం పైకొచ్చాక చప్పుడు కొంచెం బరువెక్కుతుందండి. బండి ముక్కు లేస్తుంది. అక్కడ కాలు ఆపి, ఒక్క ఊపిరి పీల్చి, అప్పుడు వదలాలండి."

ఆవిడ ప్రయత్నించారు. చప్పుడు బరువెక్కింది. పాదం ఆగింది.

"ఇదా" అన్నారు. "అరిసెల పాకం."

"ఆయ్?"

"నీళ్ళలో వేసి చూస్తామా, ఒక దశ దాకా జారిపోతుంది. దాటితే రాయి. మధ్యలో ఒక్క క్షణం ఉండ కడుతుంది. అది వేలికే తెలుస్తుంది, కంటికి తెలీదు."

కారు కదిలింది. గెంతకుండా, పడవ రేవు వదిలినట్టు కదిలింది. ఆ రోజు నుంచి బండి ఆగిపోయినప్పుడల్లా పెదబాబు "ముదిరిందండి" అనేవాడు. ఆవిడ "మళ్ళీ పెడదాం పొయ్యి మీద" అనేవారు. ముప్పయ్యేడేళ్ళ తరవాత ఇద్దరికీ కలిసి నవ్వుకోవడానికి ఒక మాట దొరికింది.

కష్టమల్లా అతని మర్యాదతోనే వచ్చింది. మూడోరోజు కారు నేరుగా గట్టు మీదికి వెళ్తుంటే "ఇక బ్రేకు తొక్కితే బాగుంటుందేమోనండి" అన్నాడు. ఆ వాక్యం పూర్తయ్యేసరికి ముందు చక్రాలు గట్టెక్కి ఉన్నాయి.

"పెదబాబూ, నువ్వు 'ఏమోనండి' అనేలోపు గట్టొచ్చేసింది. బ్రేకు అను, చాలు."

"మిమ్మల్ని అలా ఎలా అంటానండి?"

"నోటితో."

పదిహేను రోజులకి ఆవిడ మూడో గేరు దాకా వచ్చారు. చెరువు నాలుగు మూలలా చక్రాల గుర్తులు, టైర్లకి సున్నం. ఒక మధ్యాహ్నం తలుపులు రెండూ తీసి పెట్టుకుని, ఫ్లాస్కులో తెచ్చిన మజ్జిగ తాగుతుంటే పెదబాబు అడిగాడు.

"ఎక్కడికెళ్ళాలనండి ఇదంతా?"

"ఎక్కడికీ లేదు."

ఆవిడ ఫ్లాస్కు మూత బిగించారు. తరవాత ఆవిడే మొదలుపెట్టారు.

"నేను గుమ్మం దాటాలంటే ఎక్కడికో ఆయనకి చెప్పాలి. ఎప్పుడొస్తానో వంటమనిషికి చెప్పాలి. ఏ దారో నీకు చెప్పాలి. ఎవరూ వద్దనరు. ఆయన ఒక్కరోజు కూడా వద్దనలేదు. కానీ అందరికీ చెప్పి బయలుదేరేసరికి ఆ చోటు సగం చూసొచ్చేసినట్టుంటుంది పెదబాబూ. ఒక్కసారి ఎవరికీ చెప్పకుండా వెళ్ళి చూడాలి. ద్రాక్షారామమే కావచ్చు, పక్కూరే కావచ్చు. వెళ్ళేదాకా నాకూ తెలియకూడదు."

పెదబాబు గ్లాసు అడుగున మిగిలిన మజ్జిగను నేల పగుళ్ళలోకి వంపేశాడు. ఆ చెప్పాల్సినవాళ్ళ వరసలో తనూ ఉన్నాడు. ఇన్నేళ్ళూ తాను తలుపు తెరిచేవాణ్ణని అనుకున్నాడే గాని, తాను కూడా ఒక తలుపేనని అనుకోలేదు.

నెలకి ఇంకా ఐదు రోజులుంది. ఎండాకాలానికి కాలవల్లో నీళ్ళు కట్టేయడానికి వారం ఉంది. ఆవిడ రోడ్డు మీద బాగానే నడుపుతున్నారు. పెదబాబు మనసులో సరే అన్న మాట దాదాపు తయారైంది. ఆ రోజు ఆకివీడు దాకా వెళ్ళి తిరిగొస్తుంటే దారి చీలే చోట ఆవిడ కారు ఆపారు. ఊరికి అక్కడి నుంచి రెండు దారులు. తారురోడ్డు చుట్టు, ఆరు కిలోమీటర్లు. కాలవగట్టు రెండున్నర.

"గట్టు మీదుగా వెళ్దాం."

"ఇరుకండి. నేనెప్పుడూ అటు తేలేదండి."

"తెలుసు. ఇన్నేళ్ళూ కిటికీలోంచి ఆ దారి అటు తిరిగి వెళ్ళిపోవడమే చూశాను. అది ఎక్కడికి పోతుందో చూడలేదు."

గట్టెక్కే ముందు అక్కడ అందరూ చేసేదే పెదబాబు చేయించాడు: పక్క అద్దాలు రెండూ లోపలికి మడిపించాడు. ఎడమ పక్క రొయ్యల చెరువు, దాని చుట్టూ నీలం వల. కుడి పక్క నిండుగా కాలవ. మధ్యలో ఒక బండి పట్టేంత దారి. ఆవిడ రెండో గేర్లో నిదానంగా పోనిచ్చారు. కిలోమీటరు దాటాక ఎదురుగా, కింద నీళ్ళు కారుతూ, ట్రేలు పేర్చిన తెల్లటి వ్యాను వచ్చి ముక్కుకి ముక్కు ఆనించినట్టు ఆగింది.

ఆ గట్ల మీద ఎక్కడా రాసిపెట్టని చట్టం ఒకటుంది. పట్టుబడి బండి, అంటే అప్పుడే పట్టిన రొయ్యలు మోసుకొచ్చే బండి, ఎదురైతే ఎదుటివాడు వెనక్కి వెళ్ళాలి. పెళ్ళికొడుకు కారైనా సరే, ఎమ్మార్వో గారి జీపైనా సరే. చచ్చిన రొయ్య ఎవరికోసమూ ఆగదు.

వ్యాను డ్రైవరు బుల్లిరాజు తల బయటపెట్టాడు.

"పెదబాబు గారూ, మీరు ఆ పక్కన కూర్చున్నారేంటండి?" అని, అప్పుడు స్టీరింగు వెనక ఎవరున్నారో చూసి తలకున్న తువ్వాలు తీసేశాడు. "నమస్కారమండి అమ్మగారూ. సరుకు మీదుందండి. లేపోతే నేనే వెళ్ళిపోయేవాణ్ణండి."

"ఎంత ఉంది?"

"టన్నున్నరండి. ఐసు కారిపోతోందండి. వెనక నూటయాభై గజాల్లో తూముందండి, అక్కడ వెడల్పు. పెదబాబు గారు ఒకసారి ఇటొచ్చి చక్రం పట్టుకుంటే..."

పెదబాబు తలుపు తీయబోయాడు. నాలుగు వేళ్ళ సందు మాత్రమే తెరుచుకుంది, వల అడ్డం.

"కూర్చో" అన్నారావిడ. "మేం వెళ్తాం బుల్లిరాజూ."

"మీరాండి?" అన్నాడు బుల్లిరాజు. ఆ తరవాత మర్యాద గుర్తొచ్చి, "అలాగేనండి, నిదానంగానే వెళ్ళండి, తొందరేం లేదండి" అన్నాడు. కింద ఐసు నీళ్ళు ధారకట్టి ఉన్నాయి.

చెరువులో వెనక గేరు నేర్పాడు పెదబాబు. కానీ నాలుగెకరాల ఖాళీలో వెనక్కి వెళ్ళడం, వెనక్కి వెళ్ళడమే కాదు. ఆవిడ గేరు వేసి, మెడ తిప్పి కారు వెనక కిటికీ గాజులోంచి చూస్తూ క్లచ్చు వదిలారు. వెనక్కి తిరిగితే చేతులు చక్రాన్ని అటు లాగుతున్నాయి. కారు మెల్లిగా కాలవ వైపు జరిగింది. వెనక చక్రం కింద గడ్డి మెత్తగా దిగుతున్న చప్పుడు పెదబాబుకి వినిపించింది.

"బ్రేకు."

కారు ఆగింది. మొదటి గేరు వేసి ఒక మూర ముందుకు తెచ్చి, దారిలో నిలబెట్టి, ఆవిడ ఎప్పటిలాగే ఒక్క క్షణం కదలకుండా కూర్చున్నారు.

"నువ్వెలా వెళ్ళేవాడివి వెనక్కి?"

"తల బయట పెట్టి చూసేవాణ్ణండి."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూనండి. షెడ్డులో పెట్టేటప్పుడూ, గుడి దగ్గర తిప్పేటప్పుడూ."

"వానలో కూడా తడిసేవాడివి. నేను అదేదో డ్రైవర్ల పద్ధతనుకునేదాన్ని." ఆవిడ అతని మెడ వైపు చూశారు. తరవాత పైకి చూశారు. "మరి దీన్నెందుకు పెట్టారు?"

పెదబాబు చూశాడు. లోపలి అద్దం కప్పును చూస్తూ ఉంది. ఉండిలో డాక్టరు గారి షెడ్డులో తాను తిప్పినట్టే ఉంది. ఇరవై అయిదు రోజులు ఆవిడకి క్లచ్చు, బ్రేకు, గేర్లు, హారను అన్నీ నేర్పాడు. అద్దం ఒకటుందని నేర్పలేదు. తనకి లేనిది నేర్పడం ఎలాగో అతనికి తెలియదు.

"ఆడవాళ్ళు ఎక్కితే పైకి తిప్పమని పెద్దరాజు గారు చెప్పారండి. మొదటిరోజే. నేను... అలాగే ఉంచేశానండి."

"ముందు కూర్చునే మీ రాజుగారి కళ్ళలో ఎండ కొట్టకుండా తిప్పావనుకునేదాన్ని" అన్నారావిడ.

కోపంగా అనలేదు. కోపం వచ్చి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. చూడకపోవడాన్ని అతను మర్యాద అనుకున్నాడు, గొప్పతనమనుకున్నాడు. కానీ చూడనక్కరలేకపోవడంలో ఎంత సుఖముందో ఎన్నడూ ఒప్పుకోలేదు. వెనక ఆవిడ ఏడుస్తున్నారా, నవ్వుతున్నారా అని చప్పుడుతో ఊహించుకునేవాణ్ణి, తప్పు ఊహించినా అడిగేవాళ్ళు లేరు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఒక్కసారి అద్దం దించి ఉంటే ఆ ముఖం చూడాల్సి వచ్చేది. చూసినవాడు ఏదో ఒకటి అనాల్సి వచ్చేది. బండిని ఇరవై మీద నడపడంతో పని జరిగేది కాదు.

ఆవిడ చెయ్యి ఎత్తి అద్దాన్ని కిందికి దించారు. అది ఇన్నాళ్ళుగా కదలకపోవడంతో కిర్రుమంది. ఇటు కొంచెం, అటు కొంచెం సర్ది, వెనక దారి అందులోకి వచ్చేదాకా తిప్పారు. కిటికీ దించి కుడి పక్క అద్దం విప్పారు. పెదబాబు వల సందులోంచి చెయ్యి పెట్టి ఎడమది విప్పాడు.

"ఇంత కనిపిస్తుందా ఇందులో" అన్నారు నెమ్మదిగా.

తరవాతి పన్నెండు నిమిషాల్లో జరిగింది పెదబాబు తన జీవితంలో చూసిన మంచి నడపడాల్లో ఒకటి. వేగం లేదు, సొగసు లేదు. అద్దంలోకి ఒక చూపు, చక్రం మీద వేలెడు కదలిక, మళ్ళీ ఒక చూపు. అద్దంలో ఎడమ కుడి అవుతుందేమోనని మొదట తడబడ్డారు. రెండుసార్లు తప్పు వైపు తిప్పారు. రెండుసార్లూ తానే ఆపుకుని, తానే ముందుకు తెచ్చుకున్నారు. అతను అద్దాన్ని అంతకు మించి నేర్పలేడు. కాబట్టి ఆవిడకది ఎవరూ నేర్పలేదు. గట్టు మీద కూర్చుని తనకి తానే నేర్చుకుంటుంటే, పక్కన కూర్చుని అతనూ నేర్చుకున్నాడు. అరవై రెండేళ్ళ డ్రైవరుకి కొత్తగా బండి నడపడం వస్తోంది. ఎదురుగా బుల్లిరాజు వ్యాను అడుగులో అడుగు వేస్తూ వెంట వచ్చింది. ఐసు కరుగుతున్నా ఒక్కసారి కూడా హారను కొట్టలేదు.

తూము దగ్గర వెడల్పులోకి తిప్పేటప్పుడు, ఆఖరి గజంలో, వెనక బంపరు తూము గోడకి రాసుకుంది. చప్పుడు పెద్దదే. ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచారు. వ్యాను పక్కనుంచి దాటుతూ బుల్లిరాజు చక్రం వదిలేసి రెండు చేతులూ జోడించాడు.

"ఆ చక్రం పట్టుకో ముందు" అన్నాడు పెదబాబు.

ఇంటికొచ్చేసరికి సూర్యరాజు గారు గేటులోనే ఉన్నారు. గీత ఆయన కంటనే ముందు పడింది. వంగి, బొటనవేలితో తడిమారు. జానెడు పొడుగు, ఎర్రరంగు లేచిపోయి లోపలి నలుపు కనిపిస్తోంది.

"ఎక్కడ?"

"కాలవగట్టు మీద" అన్నారావిడ. "పట్టుబడి బండి ఎదురొచ్చింది. తూము దాకా వెనక్కి వచ్చాను. గోడకి తగిలింది."

సూర్యరాజు గారు నిటారుగా నిలబడ్డారు. ముఖంలో మొదట భయం, దాని వెంట భయాన్ని దాచే చిరాకు కనిపించాయి. పెదబాబు అవి రెండూ విడివిడిగా చూశాడు. ఎదుటివాళ్ళ ముఖాలు చూడడం అతనికి ఆ రోజే కొత్తగా అలవాటైంది.

"గట్టు మీదికి ఎవరు పొమ్మన్నారు? ఒక చక్రం అటు జారితే? ఇక చాల్లే. పెదబాబూ, నువ్వు చెప్పు. ముప్పయ్యెనిమిదేళ్ళు నడిపావు ఈ ఇంట్లో. ఒక్క గీత పెట్టావా?"

"లేదండి."

"విన్నావా?"

"నేను గీత పెట్టలేదంటే, వెనక్కి రావాల్సిన చోటికి ఎప్పుడూ తీసుకెళ్ళలేదండి" అన్నాడు పెదబాబు. "ఆరు కిలోమీటర్లు చుట్టు తిరిగి తెచ్చేవాణ్ణండి. వెనక ఏముందో చూసి నడపడం నాకు రాదండి. లోపలి అద్దం పైకి తిప్పి ఉంచి నేర్పాను అమ్మగారికి. ఆ తప్పు నాది. గట్టు మీద ఆవిడే దించుకున్నారు, ఆవిడే నేర్చుకున్నారు. నూటయాభై గజాలండి. నేను నడిపి ఉంటే కాలవలో పెట్టేవాణ్ణి."

"ఏ అద్దం?" అన్నారు సూర్యరాజు గారు.

ఆయనకి తెలియదు. తండ్రి చెప్పిన మాట ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఎప్పుడూ ముందు సీట్లో కూర్చున్నవారికి ఆ అద్దం సంగతి పట్టలేదు. భార్య వైపు చూశారు. ఆయన కారు తలుపు తీసి, సీట్లో కూర్చుని, దించి ఉన్న అద్దంలోంచి వెనక సీటు వైపు కాసేపు చూశారు. ఏం కనిపించిందో గాని, దిగేటప్పుడు ముఖంలో చిరాకు లేదు.

"అయితే ఏమంటావు?" అన్నారు పెదబాబుతో, కొంచెం తగ్గిన గొంతుతో.

"అమ్మగారు ఒక్కరూ వెళ్ళొచ్చండి."

పరీక్ష ఒక్కసారికే పాసయ్యారు. లైసెన్సు చేతికొచ్చిన నాలుగోరోజు, బుధవారం, పొద్దున్న తొమ్మిదింటికి వరలక్ష్మమ్మ గారు తాళాలు పట్టుకుని వసారా దిగారు. పెదబాబు గేటు తీశాడు. ఎర్రకారు ఆగింది. కిటికీ దిగింది.

"పెదబాబూ, నేను..."

"వద్దండి" అన్నాడతను. జీవితంలో ఆవిడ మాటకి అడ్డం రావడం అదే మొదటిసారి. "చెప్పకండి."

ఆవిడ అతని వైపు చూశారు. నవ్వలేదు. క్లచ్చు మీద పాదం ఒక్క ఊపిరి పీల్చినంత సేపు ఆగిన సంగతి ఇంజను చప్పుడులో అతనికి తెలిసింది. కారు గెంతకుండా కదిలి, రోడ్డెక్కి, మలుపు తిరిగింది. ఎటు తిరిగిందో చూడకుండా ఉండడానికి పెదబాబు గేటు గడియ మీద దృష్టి పెట్టాడు.

పన్నెండున్నరకి సూర్యరాజు గారు భోజనానికి వచ్చారు. షెడ్డు ఖాళీగా ఉండడం చూసి అడిగారు.

"అమ్మగారేరి?"

"వెళ్ళారండి."

"ఎక్కడికి?"

ముప్పయ్యేడేళ్ళుగా ఆ ప్రశ్నకి జవాబు అతని నాలుక చివర ఉండేది. గుడికనో, అక్కగారింటికనో, ఆసుపత్రికనో. ఇవాళ ఆ చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ అతనికి బాధగా లేదు. తాను పెంచినదేదో ఎత్తుగా ఎదిగి ఉండడం చూస్తున్నట్టు ఉంది.

"తెలవదండి."

"నీకు చెప్పకుండానా?"

"చెప్పబోయారండి. నేనే వద్దన్నానండి."

సూర్యరాజు గారు ఫోను తీశారు, పేరు దాకా వెళ్ళారు, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. లోపలికి వెళ్ళి, చేతులు కడుక్కున్న చప్పుడు వినిపించాక, కంచం ముట్టుకోకుండానే ఒక కుర్చీ మోసుకుంటూ బయటికి వచ్చారు. గేటు దగ్గర, స్టూలుకి ఎదురుగా వేసుకుని కూర్చున్నారు.

"ఎటు నుంచి వస్తుందంటావు?" అన్నారు.

"చెప్పలేమండి" అన్నాడు పెదబాబు, గర్వంగా.

ఆయన భీమవరం వైపు చూస్తూ కూర్చున్నారు. పెదబాబు కాలవ వైపు చూస్తూ కూర్చున్నాడు.